ఎదురింటి ఆంటీ చెప్పిన బౌద్ధం

మా అమ్మాయికి రెలిజియస్ స్టడీస్ పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. అది దాని కష్టం, దాని టీచరు చలవ. కానీ ఆ ఏడాది బౌద్ధం చదివింది అది ఒక్కతే కాదు, నేనూ చదివాను. నాకు పాఠం చెప్పింది సింగపూర్ యీషున్‌లో మా ఎదురింటి చైనీస్ ఆంటీ. ఆవిడ మేలు ఈ జన్మకి మరిచిపోలేను.

మొదట్లో నాకు ఆ సబ్జెక్టంటేనే మంట. లెక్కలూ సైన్సూ చదువుకోవాల్సిన పిల్లకి ఈ గొడవేమిటని స్కూలును రోజూ తిట్టిపోసేదాన్ని. పైగా బుద్ధుడు మనకి కొత్తా? గుంటూరు దాన్ని, అమరావతి స్తూపం చూస్తూ పెరిగినదాన్ని. దశావతారాల్లో తొమ్మిదో ఆయనే కదే, కళ్ళు మూసుకుని రాసెయ్ అని భరోసా ఇచ్చాను. అదీ బుద్ధిగా అలాగే రాసింది: బుద్ధుడు విష్ణుమూర్తి అవతారం, లోకాన్ని కాపాడ్డానికి దిగివచ్చిన దేవుడు అని. మాక్ పరీక్షలో టీచరు ఆ జవాబు మొత్తం అడ్డంగా కొట్టేసింది. బౌద్ధులు ఏం నమ్ముతారో రాయమంటే మీ ఇంట్లో ఏం నమ్ముతారో రాశావని పక్కన ఒక ముక్క కూడా రాసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదో అవతారం కాదనడానికి ఆవిడెవరు? స్కూలుకి వెళ్ళి తేల్చుకుంటానని చెప్పులు వేసుకున్నాను. "అమ్మా, ప్లీజ్ లా, నా పరువు పోతుంది" అంటూ అది, మాట చివర ఇక్కడి 'లా' తగిలించి, గుమ్మానికి అడ్డం నిలబడింది.

మా రభస విని ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆంటీ వాళ్ళాయన, అంకుల్, సంగతంతా కనుక్కుని పడీపడీ నవ్వారు. ఆంటీ నవ్వలేదు. నన్ను వదిలేసి, పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి తన పూజా పీఠం ముందు కూర్చోబెట్టింది. పిల్లని ఒంటరిగా పంపుతానా, నేనూ వెనకే వెళ్ళాను.

ఆ తర్వాత ప్రతి శనివారం సాయంత్రం మా మకాం అక్కడే. ఆంటీ వచ్చీరాని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పేది. పీఠం మీద నీళ్ళు ఎందుకు, అగరుబత్తి ఎందుకు, పువ్వులు ఎందుకు. పువ్వు వాడిపోతుంది కాబట్టే పెడతామట, మనమూ అంతేనని రోజూ గుర్తుండడానికి. మరి దణ్ణం పెట్టుకుని ఏం కోరుకుంటారని అడిగాను. ఏమీ కోరుకోదట. తను చేసిన మంచి ఏమైనా ఉంటే అందరికీ చెందాలని చెప్పి లేస్తుందట. దీపం పెట్టిన మరుక్షణం వెంకటేశ్వరస్వామికి మా ఆయన ప్రమోషన్ దగ్గర్నుంచి నా మోకాలి నొప్పి దాకా ఏకరువు పెట్టే మనిషిని నేను.

అంకుల్ అప్పటికే జబ్బు మనిషి. కుర్చీలోంచి లేవకుండానే మా అమ్మాయికి పాఠం అప్పజెప్పించుకునేవారు. దుఃఖం అంటే ఏమిటి, దానికి మూలం ఏమిటి, అష్టాంగ మార్గంలో ఏమేం ఉన్నాయి అని వరసగా అడగడం, తడబడితే చేతికర్రతో నేల మీద కొట్టడం. మా ఆవిడ ఇన్నేళ్ళు పూజ చేస్తుంటే నేను పేపరు చదువుకున్నాను, నీ పుణ్యమా అని ఇప్పుడు నేర్చుకుంటున్నాను అని దానితో అనేవారు. మేం వెళ్ళగానే ఆయన మొదటి మాట ఎప్పుడూ ఒకటే, "చదివావా?"

పరీక్ష దగ్గర పడ్డాక ఆయన పోయారు. మా బ్లాక్ కింద గోడల్లేకుండా ఖాళీగా ఉండే వాయిడ్ డెక్‌లో తెల్లగుడ్డలు కట్టి ఆయన్ని అక్కడ ఉంచారు. ఆంటీ నుంచి నాకు మెసేజ్ వచ్చింది, పరీక్ష రాసే పిల్ల, చావు దగ్గరికి తీసుకురావద్దు, మా వాళ్ళు కూడా మంచిది కాదంటారు అని. తెనాలి నుంచి మా అత్తగారు ఫోన్లో అదే పాట, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని. నిజం చెప్పొద్దూ, నేనూ జంకాను. పరీక్ష మర్నాడే.

మా అమ్మాయి పుస్తకం మూసి లేచింది. "కర్మ అంటే ఇంటెన్షన్ అమ్మా. ఏ ఉద్దేశంతో వెళ్తామో అదే లెక్క. రేపు పేపర్లో ఆ మాట రాయాలి, ఇవాళ మాత్రం ఇంట్లో దాక్కోవాలా?"

కన్నకూతురు అలా అడిగితే ఏం చెప్తాను? వచ్చాక తలస్నానం చేద్దువుగానిలే అని బయల్దేరదీశాను.

లిఫ్టులో అది నాకు గట్టిగా చెప్పింది, అక్కడ ఏడవకూడదట. మనం ఏడిస్తే పోయిన మనిషి వెనక్కి తిరిగి చూస్తారట, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేరట. ఆంటీయే చెప్పింది, నోట్సులో రాసుకుందట. సరేనన్నాను. కానీ మా వైపు చావింటికి వెళ్ళి నోరు మూసుకుని కూర్చుంటే, కంటతడైనా పెట్టలేదని జన్మంతా చెప్పుకుంటారు. మనిషిని పట్టుకుని, పోయినవాళ్ళ మంచి తలుచుకుని ఏడిస్తేనే పరామర్శ.

కింద భిక్షువులు మంత్రాలు చదువుతున్నారు. గుండ్రటి బల్లల దగ్గర జనం నిశ్శబ్దంగా ఉన్నారు. ఆంటీ తెల్ల చొక్కా వేసుకుని నిటారుగా కూర్చుంది, కళ్ళు పొడిగా ఉన్నాయి. మా అమ్మాయిని చూసి ఆవిడ అడిగింది ఒక్కటే.

"చదివావా?"

అది ఆయన మాట. అంతే, నా వల్ల కాలేదు. ఆవిడ భుజాలు పట్టుకుని బావురుమన్నాను. ఎంత మంచి మనిషివయ్యా, మా పిల్లకి గురువువయ్యావు కదయ్యా అని తెలుగులో, అరుగు మీద కూర్చుని ఏడ్చినట్టు ఏడ్చాను. బల్లల దగ్గర తలలన్నీ ఇటు తిరిగాయి. మా అమ్మాయి నా కొంగు లాగుతోంది, "అమ్మా, ఆపు, ఆయన వెళ్ళలేరు" అని. ప్రాణం చచ్చిపోయింది. ఆయన దారికి నేనే అడ్డం పడ్డానని భయం వేసింది, అయినా ఏడుపు ఆగలేదు.

ఆంటీ మా అమ్మాయి చేతిని నా కొంగు మీంచి మెల్లగా తీసేసింది.

"ఏడవనివ్వు లా," అంది. "మేమందరం నియమంగానే ఉన్నాం. ఆయన కోసం ఒక్కరైనా గట్టిగా ఏడవాలి కదా."

నేను ఏడుస్తున్నంతసేపూ ఆవిడ నా వీపు నిమురుతూనే ఉంది. తను మాత్రం ఏడవలేదు.