బీరు మరలో తమ్ముడి జావ

సాయంత్రం మా ఆయన గోడకు డ్రిల్ పెట్టగానే, ఆ వేడెక్కిన మోటారు వాసనకు నా చిన్నప్పుడు మేమున్న పరాయి దేశపు ఊరు ఒషావాలోని మా గరాజ్ గుర్తొచ్చింది.

పక్కింటి అంకుల్ ఇంట్లోనే బీరు తయారు చేసుకునేవారు. బార్లీ నలిపే చిన్న మరను పాత డ్రిల్‌తో తిప్పేవారు. ఒకసారి నాన్న ఆ రెండూ అడిగి తెచ్చి, తమ్ముడి జావ కోసం గోధుమలు నూక పట్టాడు. తాగేవాళ్లు నరకానికి పోతారని సండే స్కూల్లో విన్నాను కదా, నాకు భయం పట్టుకుంది.

జావ తాగిన మర్నాడే తమ్ముడు లేచి నిలబడి, రెండడుగులు తూలి, కూలబడ్డాడు.

“అమ్మా, తమ్ముడికి ఎక్కేసింది! పాస్టర్ గారికి చెప్పకే!”

“ఓసి పిచ్చిదానా, వాడికి నడక వస్తోందే!” అమ్మ పకపకా నవ్వింది. నేను మాత్రం చాలా రోజులు వాడి నోరు వాసన చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు నా కూతురికి ఏడాది దాటి చాలా రోజులైంది, ఇంకా నిలబడలేదు. కంగారేం లేదన్నారు డాక్టర్. అయినా నాకు నిద్ర పట్టడం లేదు. ఒక్కసారి అదీ అలా రెండడుగులు వేసి తూలి పడితే చాలు.