పుష్పలత దిగిన ఏడు మెట్లు

మా సంఘంలో బాప్తిస్మం కాలువలోనే. టౌను చర్చిలకు టైల్సు పరిచిన తొట్లు వచ్చాయి గాని, మలికిపురం పక్కనున్న మా ఊరికి ఇంకా రేవే దిక్కు. ఆడపిల్ల బాప్తిస్మం తీసుకుంటుంటే తల్లి కూడా నీళ్ళలోకి దిగాలి. నడుం లోతులో నిలబడ్డ పాస్టరుగారి దాకా పిల్లను చెయ్యి పట్టుకుని నడిపించి, ఆ చెయ్యి ఆయన చేతిలో పెట్టాలి. దీన్ని మేం అప్పగింత అంటాం. పెళ్ళిలో లాగే ఇక్కడా ఏడ్చే తల్లులున్నారు. స్త్రీల సమాజం ప్రెసిడెంటునని పొడి చీరలు పట్టుకుని గట్టున నిలబడే పని నాకిచ్చారు కాబట్టి అందరినీ చూశాను.

పుష్పలత మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండుతుంది. రిటైరయ్యేదాకా నేను ఆ చేతి పప్పుచారే తిన్నాను. పన్నెండేళ్ళ కిందట ఆమె, భర్త ఏలీయా గోదావరి లంకలో కూలిపని చేసి నాటుపడవలో తిరిగి వస్తుంటే గాలివాన పట్టుకుంది. పడవ తిరగబడింది. ఈమెను ఎవరో జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగారు. ఏలీయా మూడో రోజు దొరికాడు. అప్పటికి కూతురు బ్లెస్సీకి ఆరేళ్ళు.

సమాధి చేసిన మర్నాడే ఆదివారం. వస్తుందని ఎవరూ అనుకోలేదు. పిల్లను వెంటబెట్టుకుని వచ్చి ఎప్పటి చోటే కూర్చుంది. పాటలు మాత్రం పాడలేదు. ఆరాధన అయ్యాక నేను ఓదార్చబోతే మొహం మీదే చెప్పింది.

"నాకు దేవుడి మీద కోపంగా ఉందండీ టీచరుగారూ. కోపం వస్తే ఎవరైనా పుట్టింటికి పోతారు. నాకు పుట్టిల్లూ ఇదేనండీ. ఇక్కడే కూర్చుని కోప్పడతాను."

అలా ఏడాదిన్నర కోప్పడింది. ఒక్క ఆదివారం మానలేదు. ఒకనాడు, ఎవరి అనుభవం వాళ్ళు చెప్పుకునే సాక్ష్యాల కూడికలో లేచి రెండు ముక్కలు చెప్పింది. "పడవ తిరగబడ్డప్పుడు మా ఆయన చెయ్యి నా చేతిలోనే ఉందండీ. జారిపోయింది." అంతే, కూర్చుంది. పై ఆదివారం నుంచి గొంతెత్తి పాడింది.

నీళ్ళ భయం మాత్రం పోలేదు. బస్సు వంతెన ఎక్కితే కళ్ళు మూసుకునేది. అందరూ కాలువలో బట్టలు ఉతుక్కుంటే తను బోరింగు దగ్గర ఉతుక్కునేది. విశ్వాసం ఉన్నవాళ్ళకి భయమేమిటి అని కొందరన్నారు. అనడానికేం, నోరుంటే చాలు. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నర్సింగు చదువుతున్న బ్లెస్సీ ఈ మార్చిలో బాప్తిస్మం అడిగింది. పుష్పలత ముందు పరీక్షలు కానిమ్మంది. తర్వాత ఎండలు తగ్గనిమ్మంది. మా పాస్టరు ప్రకాశరావుగారు నవ్వేశారు.

"ఏప్రిల్లో కాలువలకి నీళ్ళు కట్టేస్తారమ్మా. తర్వాత బురదలో ముంచమంటారా?"

ఆమెకు కావలసిందీ అదేనని అప్పటికి గాని మాకు తట్టలేదు. టౌన్లో తొట్టి ఉంది, అక్కడ ఇచ్చేద్దామన్నారాయన. నీ బదులు నేను దిగుతాలే అన్నాను నేను.

పుష్పలత కొంగు బిగించి దోపుకుంది. "వద్దండీ. వాళ్ళ నాన్న ఎలాగూ లేరు. నేనుండి కూడా దాని చెయ్యి ఇంకొకరు పట్టుకుంటే ఎలాగండీ? రెండు వారాలు టైమివ్వండి."

మర్నాడు పొద్దున్న వాకింగుకి వెళ్తే రేవులో కనిపించింది. రేవుకు నీళ్ళలో ఏడు మెట్లు. మొదటి మెట్టు మీద, పాదాలు తడిసేంత నీళ్ళలో, పక్కనున్న రాటను కావలించుకుని నిలబడింది. పెదవులు కదులుతున్నాయి.

"ప్రార్థనా?" అన్నాను.

"ఆయ్. మధ్యమధ్యలో తిట్లు కూడా ఉన్నాయండీ."

రోజుకో మెట్టు దిగాలని లెక్క. లెక్క సరిగ్గా సాగలేదు. నాలుగో మెట్టు మీద వాంతి చేసుకుంది. మర్నాడు మళ్ళీ అదే మెట్టు. చెయ్యి అందిస్తే విదిలించుకుంది. అక్కణ్ణుంచి నేరుగా వెళ్ళి పిల్లలకి అన్నం వండేది.

బాప్తిస్మం ఆదివారం సంఘమంతా గట్టు మీదే నిలబడి పాడుతోంది. బ్లెస్సీ చెయ్యి పట్టుకుని పుష్పలత దిగింది. ఏడో మెట్టు మీద నీళ్ళు నడుం దాకా వచ్చాయి. పాస్టరుగారు చెయ్యి చాపారు. ఆమె ఇవ్వలేదు. రెండు చేతులతో పిల్ల చేతిని పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడిపోయింది.

పాట ఆగిపోయింది. ఎవరో గుసగుసలాడారు. వాళ్ళ నోరు మూయించి నేనే దిగబోయాను.

"అమ్మా, నేను లేస్తానే," అంది బ్లెస్సీ మెల్లగా.

పుష్పలత వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. కూతురి చేతిని తీసి పాస్టరుగారి చేతిలో పెట్టింది. పిల్ల మునిగింది. తల్లి కళ్ళు మూసుకోలేదు. పిల్ల లేచింది.

ఇద్దరూ గట్టెక్కారు. బ్లెస్సీ కోసం తెచ్చిన పొడి చీర ముందు తల్లికే కప్పాను. నా మణికట్టు పట్టుకుంది.

"ఈసారి జారిపోలేదండీ టీచరుగారూ," అంది. "నేనే ఇచ్చేను."