చిలక్కొయ్యల మీది తుపాకి

మొన్న మా ఎల్బీనగర్ ఇంటికి రంగులు వేయిస్తుంటే, హాల్లో నిచ్చెనెక్కిన పెయింటరు "అమ్మా, గీ చిలక్కొయ్యలు పీకేయాల్నా? లప్పం వెడితే గోడ సాఫ్ అయితది" అని అడిగాడు. నేను వంటింట్లోంచే "వాటి జోలికి పోకు!" అని కేకేశాను. గొంతు మరీ గట్టిగా వచ్చిందేమో, పాపం నిచ్చెన దిగివచ్చి సారీ చెప్పాడు. రెండే రెండు టేకు కొయ్యలు. రంగులు మొదలుపెట్టే దాకా వాటి మీద పొడవాటి వెదురు దోటి ఒకటి అడ్డంగా ఉండేది. హాల్లో ఈ మునక్కాయలు కోసే కర్ర ఏమిటని వచ్చిన చుట్టాలల్లా నవ్వుతారు. దోటి కంటే ముందు అక్కడ మా మామయ్య తుపాకి ఉండేది. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

మామయ్యది, అంటే మా ఆయన వాళ్ల నాన్నది, నల్లగొండ వైపు పల్లె. వేరుశనగ చేల మీద అడవిపందులు పడుతున్నాయని ఎప్పుడో పడుచు వయసులో లైసెన్సు తీసుకుని కొన్న రెండు గొట్టాల తుపాకి అది. దాని వల్ల చచ్చిన పంది ఒక్కటీ లేదు. ఒకసారి గురిచూసి పేలిస్తే పక్క చేనాయన బోరు మోటారు డబ్బా పగిలిందట. పందులు నిమ్మళంగా మేసి వెళ్లాయట. ఈ కథ మా అత్తమ్మ ఎన్నిసార్లు చెప్పినా మామయ్య కాదనేవాడు కాదు, అప్పుడు చీకటిగా ఉందనేవాడు. పొలం కౌలుకిచ్చి ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకుని వచ్చినప్పుడు మంచాలతో, బియ్యం బస్తాలతో పాటు అదీ వచ్చి హాల్లో కొలువైంది. ఆదివారం వస్తే పాత పేపర్లు పరిచి, దాన్ని విప్పి, నూనె పట్టించి, మళ్లీ బిగించి, గొలుసు వేసి తాళం పెట్టేవాడు. దసరాకు మిక్సీ, కుట్టుమిషను, మా ఆయన స్కూటరుతో పాటు దానికీ పసుపు కుంకుమలు. "నా సవతికే పెద్ద బొట్టు వెట్టిండు సూడుండ్రి" అనేది అత్తమ్మ. తూటాలు మాత్రం ఆవిడ అధీనంలో ఉండేవి. కందుల డబ్బాలో ఒకసారి, చింతపండు జాడీ వెనక ఒకసారి దాచేది, దాచిన చోటు తనే మరిచిపోయేది. దొంగ వస్తే వాణ్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ తరవాత వెతకాల్సిందే.

తుపాకులు జనం దగ్గర ఉండాలా వద్దా అని టీవీలో పెద్దమనుషులు వాదించుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఒకదానితో ఒకే కప్పు కింద కాపురం చేసినదాన్ని నేను. ధైర్యం కోసం తెచ్చుకుంటాం, తీరా తెచ్చుకున్నాక దాన్ని కాపాడడమే పెద్ద పని అవుతుంది. పెళ్లికి ఊరెళ్లాలంటే ఇంట్లో ఒకరు ఆగాలి. పిల్లలు స్నేహితుల్ని తీసుకొస్తే నా కన్ను ఆ గోడ మీదే. ఎన్నికలొచ్చినా, గొడవలవుతాయని అనుమానమొచ్చినా పోలీసు స్టేషన్లో అప్పగించి రావాలి. తెలంగాణ ఉద్యమం నడిచిన ఆ ఏళ్లలో అయితే అది ఇంట్లో కంటే స్టేషన్లోనే ఎక్కువ ఉండేది. మామయ్య దాన్ని పాత దుప్పటిలో చుట్టి ఆటో ఎక్కుతుంటే "సవతి పుట్టింటికి వోతుంది" అని అత్తమ్మ గేటు దాకా సాగనంపేది.

మా పక్కిల్లు ఒక లెక్కల మేస్టారిది. గుంటూరు వైపు వాళ్లు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవారు. రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. పొద్దున్నే మామయ్య మా పేపరు చదివి గోడ మీదుగా అందిస్తే, మేస్టారు అటు నిలబడి చదివేవారు, ఆ తరవాత ఇద్దరూ వాదించుకునేవారు. మామయ్య ఆయన్ని "సారూ" అంటూనే నువ్వు అనేవాడు, ఆయన మామయ్యను "అన్నగారూ" అని మీరు అనేవారు, ఇద్దరికీ పట్టింపు లేదు. చౌరస్తాలో వంటావార్పు అంటే మామయ్య ముందుండేవాడు, ఆ వంటకు పెద్ద గిన్నెలు మాత్రం మేస్టారి భార్య పిన్నిగారివే. రాష్ట్రం విడిపోవాలని ఆవిడ గిన్నెల్లో వండుకుని తిని, తోమి తిరిగిచ్చేవాళ్లం.

ఒక బంద్ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరో విసిరిన రాయి కోచింగ్ సెంటరు అద్దాల తలుపుకు తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మేస్టారు ఆ తలుపు వెనకే ఉన్నారు. పగిలిన అద్దాన్ని టీవీ వాళ్లు సాయంత్రం దాకా చూపిస్తూనే ఉన్నారు, గుంటూరు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. వారం తిరక్కముందే మేస్టారు గోడ దగ్గర నిలబడి తుపాకి లైసెన్సుకు ఏం చేయాలని అడిగారు. మామయ్యకు అంతకంటే ఏం కావాలి! ఉత్సాహంగా అన్నీ చెప్పాడు, పొట్టిది వద్దు, పొడుగుదైతే హాలుకు అందమని కూడా చెప్పాడు. ఒక్కటే అడగలేదు, ఎందుకని.

ఆ సంగతి విచారణకొచ్చిన కానిస్టేబుల్ నోట తెలిసింది. పొద్దున్నే మా వరండాలో చాయ్ తాగుతూ అన్నాడు: "పెద్దాయనా, పక్కింటి సారు పిస్తోలు అడిగిండు. పాణానికి భయం ఉన్నదని రాసిండు. నిజమేనా? ఇరుగుపొరుగును అడగాలె గదా."

"ఎవలతోని భయమంట?"

"లోకల్ వాళ్లతోని అని రాసిండు."

మామయ్య గ్లాసు కింద పెట్టాడు. "గీ గల్లీల లోకల్ అంటే నేనే" అని లేచి గోడ దగ్గరికెళ్లి మేస్టార్ని పిలిచాడు. ఆయన తడి తల తుడుచుకుంటూ వచ్చారు, వెనకాలే పిన్నిగారు.

"మిమ్మల్ని అన్నానా అన్నగారూ? కారణం రాయకపోతే ఇవ్వరు కదా, రాశాను. రేపు పరిస్థితి ఎలా ఉంటుందో ఎవరికి తెలుసండీ?" అన్నారు మేస్టారు.

"నాకు తెల్సు సారూ. రాష్ట్రం ఒస్తది. నువ్వు గీన్నే ఉంటవు. పొద్దుగాల పేపర్ కోసం గోడకాడికి ఒస్తవు. గిదే పరిస్థితి."

అప్పుడు పిన్నిగారు అందుకుంది. ఆవిడ గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు. "మీకేమండీ, ఎన్నయినా చెబుతారు. మీ గోడకి తుపాకీ ఉంది. మీకున్నది మాకుంటే తప్పేంటి? లైసెన్సు రాకపోతే ఇల్లు అమ్ముకుని గుంటూరు వెళ్లిపోతాం."

కానిస్టేబుల్ పెన్ను పట్టుకుని "ఏం రాయమంటరు?" అన్నాడు. అదెంత చిక్కో నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. భయముందంటే తన వాళ్లంతా ప్రమాదమని తనే సాక్ష్యం చెప్పినట్టు. లేదంటే పొరుగాయన కాళ్ల కింద నేల లాగినట్టు. "భయం లేదని రాయి. గీ గల్లీల ఆయనను ఎవలూ ఏమనరు. నా పేరు మీద రాయి" అన్నాడు మామయ్య. మేస్టారు లోపలికి వెళ్లిపోయారు.

మరునాడు గోడ మీద పెట్టిన పేపరు సాయంత్రానికీ అక్కడే ఉంది. ఆ తరవాత పక్కింటికి బ్రోకర్లు రావడం మొదలైంది, చెప్పులు బయట విడిచి గదులు చూసి వెళ్లేవారు. కాలనీ మీటింగులో ఒకాయన, మంచీ చెడూ వస్తే మన పెద్దాయన తుపాకి ఉందిలే, కాలనీకి ధైర్యం అన్నాడు. ఇంకో రోజైతే మామయ్య మీసం సవరించుకునేవాడు. ఆ రోజు చెప్పులేసుకుని ఇంటికొచ్చేశాడు.

అసలు సంగతి కనిపెట్టింది మా అత్తమ్మ. మాటలు లేకపోయినా ఆవిడ వెనక గుమ్మం నుంచి పిన్నిగారింటికి వెళ్లి వస్తూనే ఉండేది. ఒక రోజు వచ్చి కూర్చుని, "వాళ్ల వంటింట్ల పొయ్యికాడ నిలవడి సూసిన. కిటికీల నుంచి మన హాలు కనవడ్తది. హాల్ల ఇంకేం కనవడది, గా తుపాకి ఒక్కటే. పొద్దుగాల పాలు పొంగే దాంక ఆమె దాన్నే సూస్కుంట నిలవడాలె" అంది. మామయ్య లేచి తుపాకి దగ్గరికి వెళ్లాడు. తరవాత తాళంచెవి తెమ్మన్నాడు. తూటాలూ కావాలన్నాడు. అవి దొరకడానికి అత్తమ్మకూ నాకూ పూట పట్టింది.

దుప్పటి మూటతో గేటు బయట ఆటో కోసం నిలబడ్డాడు. పక్కింటి గుమ్మంలో ఉన్న మేస్టారు ఆగలేకపోయారు. అన్నాళ్ల తరవాత తొలి మాట అది. "ఎన్నికలేమన్నా వచ్చాయా అన్నగారూ?"

"రాలే సారూ. ఇచ్చేస్తున్న. ఇగ దెచ్చుకోను."

"అదేంటండీ? ఎందుకు?"

"మీ ఇంట్ల లేనిది మా ఇంట్ల ఎందుకని" అన్నాడు మామయ్య.

మేస్టారు లోపలికెళ్లి చొక్కా వేసుకుని వచ్చి, మామయ్య కంటే ముందే ఆటో ఎక్కి కూర్చున్నారు. దుప్పటి మూట ఇద్దరి ఒళ్లోనూ అడ్డంగా పట్టింది. స్టేషన్లో ఎస్సైగారికి ఏమీ అర్థం కాలేదట. ఒకాయన ఉన్నది ఇచ్చేస్తానంటాడు, ఇంకొకాయన అడిగింది వద్దంటాడు. కాగితాల పని ఆ తరవాత చాలా కాలం సాగిందిగానీ, ఆ రోజు మాత్రం ఇద్దరూ కొత్తపేట పండ్ల మార్కెట్లో దిగి, ఒక సంచీ బత్తాయిలు కొని, ధర దగ్గర వాదించుకుంటూ ఇల్లు చేరారు. గోడ బోసిగా ఉందని మేస్టారే వాళ్ల మునగచెట్టు దోటి తెచ్చి ఆ కొయ్యల మీద పెట్టారు. అప్పటి నుంచి పిన్నిగారికి మునక్కాడలు కావాలంటే దోటి మా హాల్లోంచి పోవలసిందే. నాకు గర్వంగానే ఉంటుంది. ఏ చట్టమూ చేయమని చెప్పని పని మా ఇంట్లో పెద్దవాళ్లు చేశారు.

రాష్ట్రం వచ్చింది. పండ్ల మార్కెట్టు బాటసింగారం వెళ్లిపోయింది, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద మెట్రో పరుగెత్తుతోంది. మామయ్యా అత్తమ్మా ఇప్పుడు ఫోటోల్లో ఉన్నారు. రంగులు ఆరాక నేనే స్టూలెక్కి దోటిని దాని చోట పెట్టాను. ఈ పొద్దున మేస్టారు గోడ దగ్గరికొచ్చి, కళ్లజోడు సవరించుకుంటూ "పేపరు రాలేదా అమ్మాయ్?" అన్నారు. మామయ్య చెప్పిన పరిస్థితి అచ్చం అలాగే ఉంది. ఇన్నేళ్లలో కాలం మార్చగలిగింది, గోడ మీదుగా పేపరు అందించే చేతిని ఒక్కదాన్నే.