గుడ్డెలుగు తల అడ్డంగా ఊపితే

మొన్న ఫోనులో చిన్నదానివి నువ్వు అడిగావు, మీ అంగన్‌వాడీలో కంప్యూటర్ ఉండేదా అవ్వా అని. నాగపూర్‌లో మీ బడిలో నాలుగేళ్ల పిల్లలు కూడా తెర మీద బొమ్మలు తాకి నేర్చుకుంటున్నారని మీ అన్న పక్కనుంచి చెప్పాడు. ఉండేదమ్మా అన్నాను. ఇంకేదో చెప్పబోయి, ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. సిగ్నల్ పోయిందనుకుని మీరు ఫోను పెట్టేశారు. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. మీకు తెలుగు చదవడం రాదు, మీ అమ్మ చదివి వినిపిస్తుంది. మీ అమ్మకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

కొల్లాపూర్ పోయే రోడ్డు మీద మన ఊళ్లో నేను ఇరవై ఎనిమిదేళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేశాను. ఒకటే గది. ఒక మూల వంట, ఒక మూల పిల్లల బరువు చూసే కాటా, మధ్యలో చాపలు. నాకు తోడు ఒక ఆయమ్మ. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఎవరో ఒక సంస్థవాళ్లు వచ్చి మా గదికి ఒక కంప్యూటర్ ఇచ్చారు. ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఉండేది. దాని ముందు ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చునే చిన్న బల్ల. మీటలు నొక్కే పని లేదు, తెర మీద వేలు పెడితే చాలు. లోపలినుంచి ఒక ఆడమనిషి గొంతు చాలా నెమ్మదిగా "ఆవు ఎక్కడుంది, చూపించు" అంటుంది. మూడు బొమ్మలు వస్తాయి. సరైనదాన్ని తాకితే చప్పట్లు వినబడతాయి. తప్పుదాన్ని తాకితే ఎలుగుబంటి వచ్చి తల అడ్డంగా ఊపుతుంది.

మా దగ్గర ఎలుగుబంటిని గుడ్డెలుగు అంటారు. వారం తిరగకముందే అది పిల్లలకు తిట్టు అయిపోయింది. వాకిట్లో ఆడుకుంటూ ఒకరినొకరు "నీకు గుడ్డెలుగొచ్చింది పో" అనుకునేవాళ్లు.

మంచి కూడా జరిగింది, కాదనను. గుడ్డు తిని ఇంటికి పరిగెత్తే పిల్లలు మధ్యాహ్నం దాకా కూర్చోవడం మొదలుపెట్టారు. ఆయమ్మ నవ్వేది.

"గీ మిషన్ ఒచ్చినంక నాకు చీపురొక్కటే మిగిలింది అక్కా. నీకు గా చీపురు గూడ లేదు."

"ఎందుకు లేదు? బియ్యంల రాళ్లు ఏరుతున్న గదా."

"గా పని గూడ నేర్పుతరు తియ్ దానికి."

మా పిల్లల్లో ఒక ఆడపిల్ల ఉండేది. నాలుగేళ్లు నిండబోతున్నాయి. తల్లీ తండ్రీ పుణే దగ్గర కట్టడం పనుల్లో ఉండేవాళ్లు. ఊళ్లో పదిమందిని, ఇరవైమందిని జమచేసి పనికి తీసుకుపోయే మనిషిని మా దిక్కు గుంపుమేస్త్రీ అంటారు. ఆయన వెంట పోయి, దసరాకు వచ్చి, మళ్లీ పోతారు. చిన్న తమ్ముణ్ని వెంట తీసుకుపోయేవాళ్లు, పిల్ల నాయనమ్మ దగ్గర ఉండేది. వాళ్లకు ఒక బర్రె ఉంది. ఆ బర్రె ఎట్లా పడుకుంది, ఎవరిని పొడవబోయింది, ఎన్ని పాలిచ్చింది, పొద్దున వచ్చీరాగానే నాకు అంతా అప్పజెప్పేది. నోరు మూతపడేది కాదు.

ఆ ఇంట్లో అప్పటిదాకా బడి గడప తొక్కినవాళ్లు లేరు. పిల్లను ఇక్కడే ఉంచమని వాళ్ల నాయినను అడిగింది నేనే. ఆయన ఊరికే ఒప్పుకోలేదు.

"సదువొస్తదంటె ఉంచుత టీచరమ్మా. రాదంటె మా ఎంబడే ఉంటది, చిన్నోన్ని పట్టుకుంటది. ఊకె ముసలిదాని మీద ఎందుకు బరువు?"

"ఒస్తది తమ్మీ, నేను జూసుకుంట" అన్నాను.

అట్లాంటి పిల్లకు కంప్యూటర్ ముందు కూర్చుంటే మాట పడిపోయేది. ఆవు, కుక్క, చెట్టు అన్నప్పుడు చప్పట్లు వచ్చేవి. గేదె ఎక్కడుంది అనగానే గుడ్డెలుగు. గొడుగు అంటే గుడ్డెలుగు, చొక్కా అంటే గుడ్డెలుగు, దిండు అంటే గుడ్డెలుగు. మిగతా పిల్లలకూ మొదట్లో వచ్చేది. కానీ వాళ్లు రెండు రోజుల్లో కనిపెట్టేశారు, ఆ గొంతు ఫలానా కూత కూస్తే నడిమి బొమ్మను తాకాలి అని. ఈ పిల్ల అట్లా చేయలేదు. రెండోసారి గుడ్డెలుగు రాగానే చేతులు వీపు వెనక పెట్టుకుని నిలబడేది. తాకకపోయినా ఆ కంప్యూటర్ తప్పు కిందే రాసుకునేది.

నెలాఖరుకు ఒక కాగితం వచ్చేది. బాగా చేసినవాళ్లకు పచ్చచుక్క, నడిమివాళ్లకు పసుపుచుక్క, వెనకబడినవాళ్లకు ఎర్రచుక్క. ఈ పిల్లకు మూడు నెలలు వరుసగా ఎర్రచుక్కలే. సూపర్‌వైజర్ మేడం కాగితం చూసి, పిల్లకు అందరితోపాటు చదువు రాకపోవచ్చు, తల్లిదండ్రుల చెవిన వేయండి అంది. మాట్లాడితే గడగడా మాట్లాడే పిల్ల అని నేను అనొచ్చు. అనలేదు. కాగితం మీద అచ్చయి వచ్చింది కదా, నాకు తెలియనిది దానికేదో తెలిసి ఉంటుంది అనుకున్నాను.

దసరాకు వాళ్ల నాయిన వచ్చాడు. చెప్పులు బయట విడిచి, గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఏమంటది టీచరమ్మా మీ మిషన్?"

"ఎర్రచుక్కలొస్తున్నయి తమ్మీ, మూడు నెలల సంది."

"ఎర్రచుక్కంటె?"

"జర ఎనకబడ్డట్టు."

"ఇంట్ల మస్తు ముచ్చట్లు జెప్తది గదా."

"ముచ్చట్లు జెప్పుడు ఏరు, సదువు ఏరు."

ఆ మాట అన్నది నేనే. కాగితం ఆయన చేతికిచ్చాను. చదవడం రాదు, కానీ ఎరుపు కనబడుతుంది కదా. చాలాసేపు పట్టుకుని చూశాడు.

"మిషన్‌కు మనోళ్లు పరాయోళ్లు ఉండదు. ఉన్నదే జెప్తది" అన్నాడు. నేను కాదనలేదు.

ఆ గురువారం పొద్దుటినుంచి కరెంటు లేదు. పిల్లలంతా వాకిట్లో ఉంటే ఈ పిల్ల ఒక్కతే నా పక్కన కూర్చుని పప్పులో రాళ్లు ఏరుతోంది. ఏమీ తోచక అడిగాను.

"గేదె యాడుందంటె, గా పెద్ద నోరు జంతువును ఎందుకు తాకుతవు బిడ్డా?"

అది నీటిగుర్రం బొమ్మ. తాకినప్పుడల్లా దాన్నే తాకేది.

"మరి ఆవు నాకెరికె. బర్రె గూడ ఎరికె. గదొక్కటే ఎరికె లేదు" అంది పిల్ల. "గందుకె గదే గేదె."

"గొడుగంటె?"

"ఛత్రి ఎరికె, సంచి ఎరికె. మూడోది ఎరికె లేదు." నేనెందుకు అర్థం చేసుకోవడం లేదో దానికి తెలియలేదు. "నువ్వు బర్రెను జూడలేదా టీచరమ్మా? మా ఇంటికి రా, సూపిస్త."

చేట పక్కన పెట్టాను.

మీకు చెప్పాలి. మా దగ్గర ఆ జంతువు బర్రె. వేసుకునేది అంగీ, వానకు పట్టుకునేది ఛత్రి, తలకింద పెట్టుకునేది మెత్త. గేదె, చొక్కా, గొడుగు, దిండు కృష్ణ అవతలివాళ్ల మాటలు, పుస్తకాల మాటలు. ఆ పిల్ల ఇంట్లో వాటిని ఎన్నడూ ఎవరూ పలకలేదు. మూడు బొమ్మల్లో రెండింటి పేర్లు తనకు తెలుసు. తెలియని పేరు తెలియని బొమ్మదే అయి ఉండాలి కదా అని నాలుగేళ్లు నిండని పిల్ల తనకు తాను లెక్క తీసింది. మిగతావాళ్లు నడిమి బొమ్మను గుర్తుపెట్టుకున్నారు, ఇది ఒక్కటే ఆలోచించింది. ఎర్రచుక్క దానికే పడింది.

నేను కూడా ఇంట్లో బర్రె అనే అంటాను. కానీ బడిలో పుస్తకం మాటే సరైన మాట అని నా చిన్నప్పుడు దెబ్బలు తిని నేర్చుకున్నదాన్ని. పిల్లకు ఆ మాట తెలియదేమో అన్న ఆలోచన కూడా రాలేదు నాకు.

ఆ సాయంత్రమే వాళ్లింటికి పోవాల్సింది. రెండు సందుల అవతలే. పోలేదు. ముచ్చట్లు వేరు, చదువు వేరు అని ఆ మనిషికి అంత నమ్మకంగా చెప్పి, వారం కాకముందే పోయి నాదే తప్పు అనడానికి మొహం చెల్లలేదు. శుక్రవారం పండక్కి వచ్చిన చుట్టాలు ఉంటారులే అనుకున్నాను. శనివారం పిల్ల రాలేదు, తల్లి దగ్గర ఉందేమో అనుకున్నాను. వాళ్లు సోమవారం కదా పోయేది, ఆదివారం తీరిగ్గా పోయి చెప్దాం అనుకున్నాను.

ఆదివారం పోయేసరికి నాయనమ్మ ఒక్కతే వాకిలి ఊడుస్తోంది.

"పోయిన్రు టీచరమ్మా. నిన్న తెల్లారంగనె బండొచ్చింది. రెండొద్దులు ముందుగాల్నె రమ్మన్నడంట మేస్త్రి."

"పిల్ల?"

"దాన్ని గూడ తోల్కపోయిన్రు. సదువొస్తలేదంటివి గదా, ఇంక నా కాడ ఎందుకని. పోయేటప్పుడు మస్తు ఏడ్సింది."

"సదువొస్తది అవ్వా. అందరికంటె మంచిగొస్తది. తప్పు నాది."

ఆమె ఊడవడం ఆపి నా మొహం చూసింది.

"గా మాట మొన్న జెప్పకపోతివా" అంది. కోపంగా అనలేదు. మళ్లీ వంగి ఊడ్చుకుంది.

అక్కడే నిలబడి వాళ్ల నాయినకు ఫోను చేశాను. వెనక కంకర కలిపే మిషన్ మోత. అంతా చెప్పాను. ఎంత వినబడిందో, ఎంత అర్థమైందో.

"మొన్న రాదన్నరు. ఇయ్యాల ఒస్తదంటున్నరు. నేను దేన్ని నమ్మాలె టీచరమ్మా?"

"నన్ను నమ్ము తమ్మీ."



"చిన్నోడు దీనికి అలవాటైండు. పని నడుస్తాంది. మల్ల దసరాకు సూద్దాం తియ్" అన్నాడు.

ఆ తర్వాతి దసరాకు వాళ్లు రాలేదు. వచ్చిన ఏడాది పిల్లకు బడి ఈడు దాటుతోంది, తల్లికి మూడో కాన్పు. బడికి పంపమని నేను పోయి అడిగాను. నవ్వి ఊరుకున్నారు.

మేడంకు చెప్తే నా మాటలు నోటు చేసుకుంది. ఆ తర్వాత కంప్యూటర్ పనిచేసినన్ని రోజులూ నేను పిల్లల పక్కనే కూర్చున్నాను. గేదె అనగానే "మన బర్రె బిడ్డా", గొడుగు అనగానే "మన ఛత్రి" అనేదాన్ని. అంతే. రెండు నిమిషాల పని. ఒక్కసారి చెబితే పిల్లలు మళ్లీ అడిగేవాళ్లు కాదు, రెండు మాటలూ పట్టేసేవాళ్లు. ఆ మిషన్ చెడ్డది కాదు. దాని పక్కన కూర్చోవాల్సిన మనిషిని నేను, ఆ పిల్ల ఉన్నన్నాళ్లూ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ దూరంగా కూర్చున్నాను.

పోయిన ఎండాకాలం ఆ నాయనమ్మ కాలం చేసింది. దినాలకు అందరూ వచ్చారు. నేను ఉద్యోగం నుంచి దిగిపోయి అప్పటికి మూడేళ్లు. ఒక మధ్యాహ్నం మన ఇంటి ముందు ఒక పిల్ల వచ్చి నిలబడింది. పన్నెండు పదమూడేళ్లుంటాయి. పొడుగ్గా, ఎండకు కమిలిపోయి ఉంది. కళ్లు చూసి పోల్చుకున్నాను. తనకు మాత్రం నేను గుర్తు లేను. ఊళ్లో ఎవరో టీచరమ్మ చదివి చెప్తది పో అంటే వచ్చింది.

చేతిలో ఫోను మోగితే ఎత్తి, గుక్క తిప్పకుండా హిందీలో మాట్లాడింది. మధ్యలో మరాఠీ కూడా కలిపినట్టుంది. పెట్టేసి నా వైపు తిరిగింది.

"మేస్త్రి. ఎప్పుడొస్తరంటాండు. నాయిన పండుకుండని జెప్పిన. లేపితె రేపే ఒస్తమని ఒప్పుకుంటడు మల్ల." నవ్వి, రెండు చిన్న కాగితపు కవర్లు ముందు పెట్టింది. "మా అమ్మ గోలీలు. ఇంతకుముందు ఎర్రది పొద్దున, తెల్లది మాపున అని యాదికి పెట్టుకుంటుంటి. గీసారి కొల్లాపూర్ల రెండూ తెల్లయే ఇచ్చిన్రు. కవర్ల మీద రాసిన్రంట."

"నీకు సదవరాదా బిడ్డా?" తెలిసి కూడా అడిగాను.

"నాకు సదువు రాదు గదా" అంది. నాకు జుట్టు పొట్టి అన్నట్టు, మామూలుగా. "చిన్నప్పుడే మిషన్ల పెట్టి సూసిన్రంట. మా నాయిన జెప్పిండు."

కూర్చోబెట్టాను. అంతా చెప్పాను. మూడు బొమ్మలు, తను తీసిన లెక్క, నేను పోకుండా ఉండిపోయిన మూడు రోజులు. "మిషన్‌ది కొంచమే తప్పు, నాది మస్తు" అన్నాను. "నీకు అందరికంటె ఎక్కువ తెలివుండె బిడ్డా. గప్పుడు గూడ, గిప్పుడు గూడ."

శ్రద్ధగా విన్నది. ముసలివాళ్లు ఏదైనా చెప్తుంటే అడ్డురాకుండా వింటారే, అట్లా.

"గట్లనా" అంది. నా కళ్లు చూసి కాస్త కంగారుపడింది. "పోనీ తియ్ టీచరమ్మా. ఇప్పుడేం జేస్తం? అమ్మ తిని కూసుంది, గోలీ ఏసుకోవాలె. ముందు గిది సదువు."

కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. ఒకదాని మీద పొద్దున తిన్న తర్వాత అని, ఇంకోదాని మీద రాత్రి పడుకునే ముందు అని ఉంది.

"ఇయ్యాల పొద్దటిది ఇప్పుడేస్త ఇంక" అంది పిల్ల. నేను అడిగాను. "ఎన్నొద్దులుంటరు బిడ్డా? రోజూ కొంచెంసేపు రారాదు, అక్షరాలు జెప్త."

"ఎల్లుండి పోతం" అంది.

పొద్దుటి కవరు తీసుకుని మూల కొంచెం చింపింది. నాకు చూపించింది.

"సింపింది పొద్దటిది, సింపంది మాపటిది. సాలు."

రెండూ పిడికిట్లో పట్టుకుని ఎండలో వేగంగా నడిచిపోయింది.