స్టూడియోకి మట్టి మోయించిన బావగారు

మా బావగారు పోయారు. పోయిన మంగళవారం మధ్యాహ్నం భోంచేసి, పెరుగు బాగా తోడుకుందని మా అక్కకి చెప్పి, పడక్కుర్చీలో కూర్చుని అలాగే వెళ్లిపోయారు. అక్క ఫోన్ చేసేసరికి నేను కడియంలో మా నర్సరీ దగ్గర లారీకి మందార మొక్కలు ఎక్కిస్తున్నాను. ఎక్కడివక్కడ వదిలేసి పరిగెత్తాను. జీవితంలో ఆయన తొందరగా ముగించిన పని అదొక్కటే. మిగతావి, ముఖ్యంగా పాటలు, ఒక పట్టాన అయ్యేవి కావు.

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. ఉద్యోగం రాజమండ్రిలో ఒక కాలేజీలో గుమాస్తా. ఆదివారం మా లూథరన్ చర్చిలో గిటారు. కీర్తనలో చరణానికీ చరణానికీ మధ్య ఆయన గిటారు అందుకున్నారంటే, మా పాస్టరు అయ్యగారు బైబిలు తెరిచి ఆ రోజు చెప్పబోయే వాక్యం ఇంకోసారి చూసుకునేవారు. క్వయరు ఆడవాళ్లు కూర్చుని మళ్లీ లేచేవారు. సంఘ పెద్దలెవరైనా మందలిస్తే, "దేవుడికేం తొందర్లేదండి, మీకే" అనేవారు మహా మర్యాదగా.

రిటైరయ్యాక ఆయనకి ఆల్బమ్ చేయాలన్న కోరిక పుట్టింది. సినిమా పాటలు కాదు, భక్తి గీతాలూ కాదు. ప్రోగ్రెసివ్ ఫోక్ రాక్‌ట.

"అంటే ఏంటండి బావగారూ?" అనడిగాను.

"ఒకచోట బయల్దేరి ఇంకోచోట తేలే పాటోయ్."

"రావులపాలెం బస్సెక్కి అమలాపురంలో దిగినట్టా అండి?"

"నువ్వు మొక్కలమ్ముకోవోయ్" అన్నారు.

నాట్ల పాటలు, పడవ పాటలు తీసుకుని, వాటి చుట్టూ ఎలక్ట్రిక్ గిటారు అల్లి, దారిలో తాళం మార్చి, వేగం మార్చి ఇంట్లో వినిపించేవారు. వినేది నేనే. మా అక్క మాత్రం మొదటి చరణం అయ్యేలోపే "పొయ్యి మీద పప్పుందండీ" అని లేచిపోయేది. పప్పు వండని రోజుల్లో కూడా. ఆయన మొహం చిన్నబోయేది. "మీ అక్క ఒక్కసారి నా పాట చివరిదాకా వింటే చాలోయ్ బామ్మర్దీ. ఇంకెవరు వినకపోయినా పర్వాలేదు" అనేవారు. నవ్వుతూనే అనేవారు గాని, ఆ మాట నవ్వులాటకి కాదని నాకు తెలుసు. స్టూడియోలో పద్ధతిగా చేసి తెస్తే ఆవిడ కూర్చుని వింటుందన్నది ఆయన ఆశ.

కోరస్‌కి మా నర్సరీలో పనిచేసే ఆడవాళ్లు కావాలన్నారు. సంచుల్లో మట్టి నింపుతూ వాళ్లు పాడే పాటంటే ఆయనకి ప్రాణం. వ్యాన్‌లో ఎక్కించి రాజమండ్రిలో స్టూడియోకి తీసుకెళ్లాను. నల్లటి స్పాంజి గోడలు, మెత్తటి తివాచీ, గజగజ వణికించే ఏసీ. మైకు ముందు నిలబెట్టేసరికి అందరూ బిగుసుకుపోయారు. వాళ్లలో పెద్దావిడ నోరు తెరిచింది. పాట రాలేదు, దగ్గొచ్చింది.

"ఊరికే నిలబడి పాడమంటే పాటెలా వత్తాదండి? చేతిలో పనుండాలి కదండి" అంది.

"ఏం పనమ్మా?" అన్నారు బావగారు.

"ఆయ్, మట్టి పనేనండి. మాకింకేం పనుంటాదండి!"

ఇంకొకరైతే చేతికి చిడతలిచ్చి సర్దుకోమనేవారు. మా బావగారు నా వైపు తిరిగి, "మట్టి తెప్పించవోయ్" అన్నారు.

తెప్పించాను. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు, ఖాళీ సంచులు. మెట్లెక్కించింది కూడా నేనే. స్టూడియో ఇంజనీరు 'చెప్పులు బయట విడువవలెను' అన్న బోర్డు పక్కన నిలబడి, "చెప్పులే వద్దంటున్నాం కదండీ, సార్..." అన్నాడు పాపం.

"చెప్పులు విప్పే వచ్చామండి" అన్నారు బావగారు.

తివాచీ మీద టార్పాలిన్ పరిచి కుప్ప పోశాం. ఎరువు వాసన ఏసీ గాలిలో పడి గదంతా తిరుగుతూ అందరినీ పేరుపేరునా పలకరించడంతో ఏసీ కట్టేయాల్సి వచ్చింది. ఆడవాళ్లు కొంగులు దోపుకుని కుప్ప చుట్టూ కూర్చున్నారు. గుప్పెడు మట్టి, గుప్పెడు మట్టి, ఒక అదుము. పాట దానంతటదే వచ్చేసింది.

అయితే బావగారు కట్టుకొచ్చిన తాళం ఒకటి, సంచి నిండే తాళం ఇంకొకటి. కాసేపు వాళ్ల వెంట పరిగెత్తారు, తప్పారు, మళ్లీ అందుకోబోయారు. చివరికి తన తాళం పక్కన పెట్టేసి, వాళ్ల చేతుల వైపే చూస్తూ, చెమటలు కారిపోతుండగా వాయించారు. అంత సంతోషం ఆయన మొహంలో పెళ్లినాడు కూడా చూడలేదు. ఆ మాట అక్కతో అన్నందుకు చాలా రోజులు నాకు కాఫీ పుట్టలేదు. ఇంజనీరు మాత్రం, సంచులెలాగూ నిండాయి కదా అని, మేం వెళ్లేటప్పుడు రెండు గులాబీ మొక్కలు అడిగాడు.

ఆల్బమ్ వచ్చింది. అక్క అట్ట మీది ఫొటో చూసి, చొక్కాకి ఇస్త్రీ లేదని చెప్పి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన పాట పెట్టారు, ఆవిడ కుక్కర్ పెట్టింది. ఆ తర్వాత కూడా సాయంత్రమైతే ఆయన పెట్టడం, ఆవిడ లేచిపోవడం. ఒక్కసారి వింటే చాలన్న మాట కూడా ఆయన అనడం మానేశారు. ఆ మానేయడమే నాకు బాధగా ఉండేది.

మొక్కల బేరం తప్ప ఇంకోటి తెలియని నాకు పాట వినడం నేర్పింది ఆయనే. ఇప్పుడు సంచుల దగ్గర ఎవరైనా గొంతెత్తితే బేరం మధ్యలో ఆపి నిలబడతాను. కొనేవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనిద్దురూ.

మొన్న అక్కావాళ్లింట్లో, ఆయన్ని తలుచుకుని ఇంటివాళ్లని ఓదార్చే ఆదరణ కూడిక జరిగింది. వాక్యం అయ్యాక అయ్యగారే అడిగి, ఆడవాళ్లు పాడిన ఆ పాట పెట్టించారు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడింది. పాట సాగింది, సాగింది. ఒకచోట గిటారు, గొంతులు, మట్టి అదిమే చప్పుడు, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అయిపోయిందనుకుని జనం కదిలారు. ఎవరో భోజనాల బల్లలు వేయడానికి లేచారు. అయ్యగారు లేచి, కళ్లు మూసుకుని, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

"కూర్చోండి అయ్యగారూ, ఇంకా అవలేదండి" అంది అక్క.

అందరం ఆవిడ వైపు తిరిగాం. ఎక్కడా చప్పుడు లేదు. అక్క చెయ్యి కొంచెం పైకెత్తి, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటోంది. కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోవడం లేదు. రోజూ వంటింట్లోంచి ఆఖరిదాకా వినేదన్నమాట.

అక్క చెయ్యి దించింది. "ఊఁ, కానివ్వండి" అంది ఎప్పుడూ ఆయనతో అనే గొంతుతోనే.

గిటారు అందుకుంది.