భుజం మీది కొక్కెం

వరహాలు విశాఖ రేవులో కలాసీ. క్రేను తాడు తెగి కుడిచేతి మూడు వేళ్లు పోయాక కూడా, బస్తాలు లాగే ఇనుప కొక్కెం భుజానికి తగిలించుకోనిదే గడప దాటడు. నష్టపరిహారం విచారణ రోజున భార్య గౌరీశ్వరి, "ఈయాలైనా దాన్నొగ్గేయ్. ఇంకా పని సేత్తన్నావనుకుంటారు" అని మొత్తుకున్నా వినలేదు. ఆమె భయపడ్డట్టే కాంట్రాక్టరు వకీలు కొక్కెం వైపు వేలు చూపించి, "ఇతను పనిలోకి వెళ్తూనే ఉన్నాడండి" అన్నాడు.

"ఏదీ, కుడిచేత్తో పట్టుకో" అన్నారు విచారణ జరుపుతున్న కార్మిక శాఖ కమిషనరు గారు.

పట్టు లేదని తేలితేనే పరిహారం. వరహాలు మాత్రం పళ్లు బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. మిగిలిన బొటనవేలూ చిటికెనవేలూ కొక్కేన్ని ఒక్క క్షణం ఆపాయి. తర్వాత అది ఖంగుమని నేల మీద పడింది. గౌరీశ్వరి హమ్మయ్య అనుకుంది.

వరహాలు కొక్కెం కోసం వంగుతూ, "ఇంకోపాలి సూడండి బాబూ, పట్టుకుంతాను" అన్నాడు.