పద్నాలుగు అంగుళాల స్వామి

"నంద్యాలలో నామాలగుట్ట తొలగింపు పూర్తి" అని పేపర్లో రాశారు. తొలగించడానికి అదేమైనా కంట్లో పడిన నలుసా? ఊరి నడిబొడ్డున రెండు వందల పన్నెండు మెట్ల గుట్ట. నలభై ఒక్క రోజులు పొడిచి పొడిచి చంపారు. ఆ మాట రాయడానికి ఒక్కడికీ చెయ్యి రాలేదు. అందుకే నేను రాస్తున్నాను, గుట్ట గురించీ, దాని మీద నలభై ఏడేళ్లు పూజ చేసిన మా నాయన పార్థసారథి గురించీ. నా పేరు వసుధ. ఆళ్లగడ్డలో టీచర్ని. నాకు కోపం ఎక్కువని మా అమ్మ కమలవల్లి అంటుంది. ఎక్కువేం కాదు, జరిగినదానికి సరిపోయేంత ఉంది.

మా వాళ్లది అహోబిలం. నాయన పంతొమ్మిదేళ్లప్పుడు, మేనమామకు మోకాళ్లు పట్టేస్తే, ఆయన చేసే గుట్ట పూజ తాను అందుకుని నంద్యాలకు వచ్చాడు. రోజూ పొద్దున్నే కావడిలో రెండు బిందెల నీళ్లు మోసుకుని ఎక్కేవాడు. మొదటి మెట్టు కిందే చెప్పులు విడిచేవాడు. మే నెల ఎండకు రాయి పెనంలా కాలినా అంతే. పైన గుడి అంటే గోపురం అనుకునేరు. పదిమంది కూర్చుంటే నిండిపోయే గవి, రాతి గుహ. దాని వెనక గోడ నల్లరాయి, అందులో మూడు తెల్లటి పలుగురాతి చారలు నిలువుగా, నామం మాదిరి. ఎవరూ చెక్కినవి కావు. ముక్కూ మొహమూ ఏమీ లేదు. నాయన ఆ రాతికే నీళ్లు పోసి, ఆ రాతికే తులసి పెట్టి, "ఏం సామీ, వానల్లేవు, పంటల్లేవు, నిద్రపోతాండావా?" అని దాన్నే నిలదీసేవాడు.

కొత్తగా వచ్చినవాళ్లు ఆయాసపడుతూ "సామి యాడుండాడు?" అని అడిగేవారు.

"ఇంతసేపూ నువ్వు ఎక్కొచ్చింది ఎవర్ననుకుంటివప్పా? చెప్పులిడిచి రమ్మనింది అందుకే," అనేవాడు నాయన. చాలామంది నవ్వేవారు. ఒకరిద్దరు గబుక్కున కిందికి చూసుకునేవారు.

గుట్టను ఊరేగించలేం కదా. అందుకని రుద్రవరం రైతు కుటుంబం ఒకటి ఎప్పుడో పంచలోహంతో చిన్న నరసింహస్వామిని చేయించి ఇచ్చింది. ఏడాదికి ఒక్కరోజు ఆ స్వామి పల్లకి ఎక్కి వీధుల్లో తిరిగేవాడు. మిగతా రోజులు గవిలో ఒక గూట్లో ఉండేవాడు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా దేవాదాయ శాఖ ఆఫీసునుంచి ఒక ఫారం వచ్చింది. దాన్ని నింపి ఇస్తే గవికి కరెంటు లైను ఇస్తామన్నారు. మూలమూర్తి దేనితో చేసినది, ఎత్తెంత, బరువెంత, ఇవీ గడులు. "గుట్ట అని రాయి పాపా," అన్నాడు నాయన. రాశాను. వెనక్కి పంపారు. "ఎత్తు రెండు వందల పన్నెండు మెట్లు, బరువు తెలీదు," అని రాసి పంపితే మళ్లీ వెనక్కి వచ్చింది. బరువు గడి ఖాళీగా ఉంటే తీసుకోరట! మూడోసారి ఫారం వచ్చిన మర్నాడు నాకు లెక్కల పరీక్ష. చిర్రెత్తుకొచ్చి గూట్లో స్వామి కొలతలే రాసేశాను. పంచలోహం, పద్నాలుగు అంగుళాలు, నాలుగున్నర కిలోలు. నాయన చదవకుండానే సంతకం పెట్టాడు. నెల తిరగకుండా గవిలో బల్బు వెలిగింది. నా అంత తెలివైనది నంద్యాలలోనే లేదని మురిసిపోయాను.

ఇరవై అయిదేళ్లు గడిచాయి. నంద్యాల జిల్లా కేంద్రమయింది. జిల్లా కేంద్రానికి నడుమన గుట్ట ఉంటే నామోషీ కాబోలు! షాపులు, పార్కింగు, ఫంక్షన్ హాలు కలిపి ఏదో కడతామని రంగుల బొమ్మ ఒకటి కూడలిలో నిలబెట్టారు. అందులో ఫౌంటెన్ ఉంది, కొబ్బరిచెట్లున్నాయి, గుట్ట లేదు.

అయితే చిక్కొచ్చిపడింది. దేవుడుండగా గుట్ట మీద గడ్డపార వెయ్యమని కూలీలు మొండికేశారు. ముందు కళాకర్షణ జరగాలన్నారు. విగ్రహంలోని కళను మంత్రంతో కలశంలోని నీళ్లలోకి పిలిచి, వేరేచోటికి తీసుకుపోయే పూజ అది. ఆ పని చూసే ఆఫీసరు సుందరరాజు పళ్లతట్ట పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఆరోజు నేను అక్కడే ఉన్నాను.

"మీ చేతుల మీదుగా జరిగితే మర్యాదగా ఉంటుంది స్వామీ," అన్నాడు.

"చేస్తానప్పా. గుట్టంత కలశం యాడన్నా దొరికితే తీసుకురా," అన్నాడు నాయన.

సుందరరాజు నవ్వాడు. "దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటే ఇదే కదా!" అంటూ ఫైలు విప్పి ఒక జిరాక్సు కాగితం తీశాడు. "మీరిచ్చిందే స్వామీ. మూలమూర్తి పద్నాలుగు అంగుళాలు. గుట్ట మామూలు బండ."

నా చేతిరాత. గుండ్రటి అక్షరాలు, 'అంగుళాలు' కింద స్కేలు పెట్టి గీసిన గీత. నాయన కాగితాన్ని చాలాసేపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"సంతకం నాదే," అన్నాడు. "పూజ మాత్రం నేను చెయ్యను. పళ్లు తీసుకొనిపో."

నేను ఊరుకోలేదు. అర్జీలు పెట్టాను. పదకొండో మెట్టు మీద పాత శాసనం ఉందని ఫొటోలు పంపాను. ఆ మెట్టును కోసి మ్యూజియానికి ఇస్తామన్నారు. శాసనానికి మ్యూజియం ఉంది, మరి మా నాయనకు? ఎక్కడికి పోయినా ఆ ఫారమే నా మొహాన కొట్టారు. నా రాతతోనే నా నోరు మూయించారు దరిద్రులు!

ఎక్కణ్నుంచో ఇంకో పూజారిని తెచ్చారు. బంతిపూలు కట్టిన ఆటోలో, మేళాలతో, గూట్లో స్వామిని కొత్త షెడ్డుకు తీసుకుపోయారు. ఫొటోలు దిగారు. నాయన ఆటోకు దండం పెట్టి, కావడి భుజానేసుకుని, గుట్టకు నీళ్లు పోయడానికి ఎక్కిపోయాడు. అలా ఆరు రోజులు ఎక్కాడు. ఏడో రోజు పోలీసులు కింద అడ్డం నిలబడ్డారు.

జేసీబీ నడిపేవాడు డేనియల్, నలభై ఏళ్ల మనిషి. నాయనను చూసి ఇంజను ఆపి దిగాడు. "ఏం మనిషివి నువ్వు? నీ చెయ్యెట్లా వస్తాంది?" అని అరిచాను.

"నేను కాదంటే సాయంత్రానికి ఇంకోడొస్తాడు మేడమ్," అన్నాడు తల దించుకుని.

"ఆయప్పనెందుకంటావ్?" నాయన నన్ను కసిరాడు. తర్వాత డేనియల్‌ను అడిగాడు. "ఈ రాయంతా యాడికి పోతాది నాయనా?"

"క్రషర్‌కు సామీ. కంకర కొట్టి ఆళ్లగడ్డ రోడ్డుకు ఏస్తాండారు. వెడల్పు చేస్తాండారు గదా."

అప్పుడు నాకా మాట పట్టలేదు. నాయనకు పట్టింది.

అంతకుముందు నాయన రెండో ఆదివారం తప్పకుండా మా ఇంటికొచ్చేవాడు. అమ్మ చేసిన పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని. కొత్త రోడ్డు పడ్డాక రావడం మానేశాడు. ఒకసారి బస్సెక్కి కూర్చుని, అది కదలకముందే దిగిపోయాడని అమ్మ ఫోన్లో చెప్పింది. నా కూతురు దివ్యకు ఓణీల వేడుక పెట్టుకున్నాం. దానికీ రాలేనంటే నాకు మండిపోయి నంద్యాల వెళ్లాను.

"రోడ్డు నాయనా అది, రోడ్డు! ఊరంతా పోతాండారు, వస్తాండారు. నీకొక్కడికే ఏమొచ్చింది?"

"నలభై ఏడేండ్లు చెప్పులేసుకొని ఎక్కింది లేదు. ఇప్పుడు టైరు కింద తొక్కుకుంటా రమ్మంటావా వసుధా? నా వల్ల కాదు."

"మనవరాలి కంటే ఎక్కువా నీకు ఆ కంకర?"

నేను తలుపు విసిరికొట్టి వచ్చేశాను. ఆయన మీదే కోపం, ఆ కోపం అన్యాయమని తెలిసి ఇంకా కోపం.

వేడుక రోజు పదకొండయింది. వడ్డనలు మొదలవుతున్నాయి. రోడ్డుకు అవతల ఎవరో పెద్దాయన ఎండలో నిలబడి మన ఇంటికేసే చూస్తున్నాడని దివ్య చెప్పింది. బయటికి పరిగెత్తాను. నాయనే! గాజులపల్లె మీదుగా రుద్రవరం, అక్కణ్నుంచి పల్లెదారుల్లో ఆటోలు మారి, ఆటోల్లేని చోట నడిచి, అయిదున్నర గంటలు పట్టిందట. కొత్త రోడ్డులో అయితే ముప్పావుగంట అని బోర్డులు పెట్టారు. అంత చుట్టు తిరిగొచ్చిన మనిషి మా ఇంటికి ముప్పై అడుగుల దూరంలో ఆగిపోయాడు. మధ్యలో అదే కొత్త రోడ్డు.

నా భర్త నృసింహ అవతలికి వెళ్లి, "మామా, నా వీపెక్కండి. మీ కాలు తగలకుండా దాటిస్తా," అన్నాడు.

"నీ కాలు తగల్దా అల్లుడా?" అన్నాడు నాయన.

అంతే, దివ్య కొత్త పట్టు ఓణీ ఎగదోపుకుని రోడ్డు మీదికి ఉరికింది. లారీ హారను కొట్టింది. నేను కేక పెట్టి వెనకే పరిగెత్తాను. తాత కాళ్ల దగ్గర మట్టిలో మోకరిల్లిందది. నాయన పంచె కొంగులో ముడివేసి తెచ్చిన అక్షింతలు తీసి దాని తల మీద వేశాడు. టీ బంకు దగ్గర మనుషులు గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. చూడనీ!

నేను ఇక ఆగలేకపోయాను. "నాయనా, ఆ ఫారం రాసింది నేను. పరీక్షుందని విసుక్కొని రాసేసినా. గుట్టను చంపింది నేనే," అన్నాను.

"నీకప్పుడు పదమూడేండ్లు. నాకు నలభై ఒకటి. సదవకుండా సంతకం పెట్టినోన్ని నేను," అన్నాడు నాయన. "ఇంటికి పో. పిల్ల ఎండలో ఉంది."

లోపలికి రాలేదు. గుక్కెడు నీళ్లు తాగి, వచ్చిన దారినే తిరిగి నడవడం మొదలుపెట్టాడు. నృసింహ ఆయన వెంట ఆటో దాకా పోయాడు. నేను కూతురి చెయ్యి పట్టుకుని ఆ రోడ్డే దాటి ఇంట్లోకి వచ్చాను. విస్తళ్ల ముందు కూర్చున్న చుట్టాల్లో ఎవరో అడిగారు.

"ఏం వసుధా, మీ నాయన రాలేదా?"

"వచ్చినాడు," అన్నాను. "రోడ్డుకవతల దాకా."